ఆయిల్ దీపం, కొమురెల్లి చెవి

నేతపని చేసే ఇంట పుట్టి మగ్గం దగ్గర కూర్చోకుండా ఇనుము వెంట పడ్డ మనిషి కొమురెల్లి. డెబ్బై రెండులో వరంగల్ పక్కన కాలువ తవ్వే పనిలో చేరి, పన్నెండేళ్లు బుల్డోజర్ల రొద మధ్యే గడిపాడు. ఇంజన్‌కు ఏ జబ్బు చేసినా అతని వైద్యం ఒకటే. మరలు తిప్పే పొడుగాటి పేచ్‌కస్ కొసను ఇంజన్‌కు తాకించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి "మూడో సిలిండర్" అనేవాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే. అతను ఉండే కాశిబుగ్గలో అతని చెవి గురించి కథలు చెప్పుకునేవారు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో సైటుకు పైదేశం డోజర్ ఒకటి వచ్చింది. డ్రైవర్ ముందు వరుసగా చిన్న ఎర్రదీపాలు. నీళ్లు తగ్గితే ఒకటి, ఇంజన్ కాగితే ఒకటి, ఆయిల్ ఒత్తిడి పడిపోతే ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్నది వెలిగేది. ఇంజన్‌కు బిగించిన సెన్సర్లు తీగల గుండా ఆ కబురు పంపేవి.

"ఇగ నీ చెవికి పని లేదు కొమురెల్లీ" అన్నాడు ఇంజనీరు రాజేశ్వర్ రావు నవ్వుతూ.

కొమురెల్లి నవ్వలేదు. మొదటి రెండు నెలల్లో నీళ్ల దీపం రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ నీళ్లు నిండుగానే ఉన్నాయి, తీగే వదులైంది. "మీ దీపాలు అబద్ధాలాడుతయి సారూ" అని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు అతను కడుపునిండా అన్నం తిన్నాడు.

మూడోసారి వెలిగింది ఆయిల్ దీపం. డ్రైవర్ ఉప్పలయ్య బండి ఆపి పిలిచాడు. కొమురెల్లి పేచ్‌కస్ ఆనించి విన్నాడు. ఇంజన్ మెత్తగా, ఏ లోటూ లేకుండా పాడుతోంది.

"ఏం ఫికర్ లేదు. సెన్సర్ ఖరాబైంది, అంతే."

"జర మంచిగ చూడే అన్నా, ఆయిల్ దీపమది" అన్నాడు ఉప్పలయ్య.

"నేను ఇన్న తర్వాత ఇంకేం జూసుడురా?"

తీగ పీకేశాడు. దీపం ఆరింది. బండి కదిలింది.

గంట తర్వాత మట్టి తట్ట దించుతున్న మొగిలమ్మ ఆగి డోజర్ వైపు చూసింది. ఆమె ఆ పనికి వచ్చి నాలుగేళ్లయింది.

"కొమురెల్లన్నా, బండి కడుపుల టకటక అంటాంది. ఇనస్తలేదా?"

"తట్ట మోసేదానివి, నీకేం తెలుసు?"

ఆ మాట అతని నోట్లో ఉండగానే ఇంజన్ పగిలింది. ఆయిల్ అందక లోపలి బేరింగు పట్టేసి, కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇనుప గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. సలసలా కాగే నూనె ఎగజిమ్మి ఉప్పలయ్య కుడిచేతి మీద పడింది. ఉప్పలయ్య అరిచాడు. నోరు తెరుచుకోవడం, మెడ నరాలు ఉబ్బడం కొమురెల్లికి కనబడ్డాయి. కాళ్లు మాత్రం నేలకు అతుక్కుపోయాయి. పరుగెత్తి ఉప్పలయ్యను కిందికి దించింది మొగిలమ్మే.

దవాఖానకు తీసుకుపోయే జీపులో కొమురెల్లి తలలో ఒక్కటే తిరుగుతోంది. ఇరవై గజాల దూరాన ఉన్న ఆడమనిషికి వినబడింది, తనకెందుకు వినబడలేదు?

సాయంత్రం ఇంటికి వచ్చి భార్య భద్రమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నేను జెప్తే కోపం జేస్తవని జెప్పలే. మూడేండ్ల సంది నీకు సరిగ ఇనస్తలేదు. ఎనకనుంచి పిలిస్తే పలుకవు. పోరగాండ్లకు గూడ ఎరుకే."

కొమురెల్లి చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి నడిచాడు. ఈ మధ్య వాళ్లు మగ్గం ఆపేశారని అనుకుంటున్నాడు. లోపల మగ్గం ఆడుతోంది. నూలు మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగెడుతోంది. నూలును బిగించే పలక దెబ్బ నేల గుండా పాదాలకు తగులుతోంది గాని, పుట్టినప్పటి నుంచి విన్న ఆ నాడె చప్పుడు లేదు. ఇంత కాలమూ ఆగింది మగ్గం కాదు. అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

డాక్టరు పరీక్ష చేసి, సన్నని చప్పుళ్లు వినే శక్తి పోయిందనీ, ఇంజన్ల రొదే దాన్ని తినేసిందనీ, అది తిరిగి రాదనీ చెప్పాడు.

సైటులో విచారణ మొదలైంది. దీపాన్ని లెక్కచేయక బండి నడిపాడని అందరూ ఉప్పలయ్యనే అంటున్నారు. కొమురెల్లి రాజేశ్వర్ రావు ముందుకు వెళ్లాడు.

"తీగ పీకింది నేను సారూ. ఉప్పలయ్య మంచిగ జూడుమన్నడు. నాకు చెవుడు."

రాజేశ్వర్ రావు చేతిలో కలం అలాగే ఉండిపోయింది. "నీకా?" అన్నాడు, అంతే. ఉప్పలయ్య మీది నింద పోయింది. కొమురెల్లిని ఏడాదిపాటు ఇంజన్ల దగ్గరికి రానివ్వలేదు, స్టోరులో కూర్చోబెట్టారు.

ఆ ఏడాదిలో అతను కొత్త పద్ధతి పట్టాడు. రాగి గొట్టానికి ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు మీటరు బిగించాడు. దీపం వెలిగితే సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ఈ గొట్టం బిగించాలి. ముల్లు నిలబడితే సెన్సర్‌ది తప్పు, పడిపోతే ఇంజన్‌ది. మళ్లీ పనిలోకి తీసుకున్నప్పుడు రాజేశ్వర్ రావును ఒకటే అడిగాడు, మొగిలమ్మను తనకు తోడు ఇమ్మని. నలుగురు నవ్వారు. ఆమె తట్ట వదిలి పానా పట్టింది. ఆమె వినేది, అతను మీటరు చూసేవాడు.

ఎనభై ఎనిమిదిలో మరో డోజర్‌కు ఆయిల్ దీపం వెలిగింది. మొగిలమ్మ పేచ్‌కస్ చెవికి ఆనించి చాలాసేపు విన్నది.

"ఏం లేదన్నా. బంగారమసొంటి ఇంజన్."

కొమురెల్లి గొట్టం బిగించాడు. ముల్లు సగానికి పడిపోయింది. ఇంజన్ ఆపించి విప్పితే బేరింగు అప్పుడప్పుడే అరగడం మొదలైంది. టకటక పుట్టడానికి ఇంకా ఎంతో సమయం ఉంది.

బేరింగు ముక్కను చేతిలో పట్టుకుని అతను కదలకుండా నిలబడ్డాడు. నాలుగేళ్లుగా తప్పంతా చెవిమీద వేసి బతుకుతున్నాడు. ఆ రోజు దీపం వెలిగినప్పుడు ఏ చప్పుడూ లేదు. రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నా అదే మాట అనేవాడు, అదే తీగ పీకేవాడు.

"ఏమైందన్నా?" అన్నది మొగిలమ్మ భయంగా.

కొమురెల్లి సైకిలెక్కి ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. ముడుచుకుపోయిన చేత్తో డోజర్ నడపలేక ఉప్పలయ్య అక్కడ మిర్చి బస్తాలకు కాపలా ఉంటున్నాడు. బస్తాల నీడన నిలబడి కొమురెల్లి అంతా చెప్పాడు. చెవుడు కాదు, పొగరు అన్నాడు.

ఉప్పలయ్య అతని ముఖంలోకి చూస్తూ, వినబడేలా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు:

"నాకు ఆనాడే ఎరుకనే అన్నా. నువ్వు తీగ పీకేటప్పుడు నీ మొఖం జూసిన."