యాడికి గుట్టల కింద ఒక చిటికెనవేలు

ఈ ప్రయాణానికి మూలం అనంతపురంలోని మా ఇంటి తలుపు. పోయిన పోలియో చుక్కల విడతలో ఎవరో దాని మీద చాక్‌పీసుతో ఇంగ్లిషు ‘పి’ రాసి పోయారు. కొత్త రంగు పాడుచేశారని విసుక్కుని తడిగుడ్డతో తుడిచేశాను. సందేహం మాత్రం పోలేదు. మన దేశంలో పోలియో లేదని ప్రకటించి ఏళ్లయింది కదా, ఇంకా ఈ తిరుగుడెందుకు? తాడిపత్రి పక్కన యాడికి మండలంలో ఏఎన్ఎం నర్సుగా పనిచేసే మా స్నేహితుడి అక్క రమీజాను అడిగితే, “ఫోన్లో చెప్తే తెలిసేది కాదప్పా. ఒకనాడు వచ్చి నాతో నడువు” అంది.

ఈసారి విడతలో సోమవారం ఉదయం ఆరింటికి తాడిపత్రి బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, వంద రూపాయల లోపే టికెట్టు. బండల లారీల దుమ్ములోనే టీ తాగి, షేర్ ఆటోలో యాడికి చేరేసరికి తొమ్మిదయింది. అప్పటికే రమీజక్క ఐసు పెట్టిన మందుపెట్టె భుజాన వేసుకుని పక్క పల్లెకు బయలుదేరుతోంది. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి ‘పి’, ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’. మధ్యాహ్నానికి ఎక్స్ ఒక్కటే మిగిలింది, అదీ తాళం వేసిన ఇల్లు. గొర్రెల కాపరి ఓబులేసు, భార్య, ఏడు నెలల మనవరాలు, పాప తల్లిదండ్రులు అందరూ మంద వెంట పోయారట. మరునాడు తెల్లారితే నంద్యాల వైపు దాటిపోతారు. “పోతే మళ్లీ వానలకే వచ్చేది. పాప మిగిలిపోతాది” అంటూ అక్క చెప్పులు తొడుక్కుంది.

ఆటో డ్రైవరు రెండు వందలు తీసుకుని గుట్ట కింద ఆపేశాడు. “ఆడంతా ముండ్లు అన్నా, టైరు పోతాది. ఈన్నుంచి నడ్సండి.” ఎండిన శనక్కాయ చేలల్లో రెండు కిలోమీటర్లు నడిచి మందను చేరాం. పాప తల్లిదండ్రులు దూరంగా గొర్రెలను మళ్లిస్తున్నారు.

మమ్మల్ని చూడగానే ఓబులేసు పాప కుడిచేతి బొటనవేలు ఎత్తి చూపాడు. దాని మీద నల్లమచ్చ. “ఏసినార్లేమ్మా, గుర్తు చూడు.” హమ్మయ్య అనుకుని నేను వెనక్కి తిరగబోయాను. అక్క కదల్లేదు. “మేము పెట్టేది ఎడమ చిటికెనేలికి, పెద్దాయనా. ఇది కాటుక.”

పాప అవ్వ తల దించుకుంది. “పోయిన వారం బేదులైనాయి తల్లీ. చుక్కలేసినాక దావలో మళ్లీ ఏమన్నా అయితే ఎవుర్ని అడగల్ల? అందుకే పూసినా.”

“తగ్గినాయి కదా, ఏం కాదవ్వా” అని అక్క మందలో వీపున ఎర్రరంగు ఉన్న గొర్రెలను చూపింది. “ఆ రంగేంది?”

“కడుపులో నట్టలు పోయేదానికి మందు తాపిన గుర్తు” అన్నాడు ఓబులేసు.

“తాపకుండానే రంగు పూస్తావా?”

“ఎవుడన్నా పూస్తాడా? ఒక్కటి మిగిలినా మందకంతా...” అని ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. పాపను ఒళ్లో పెట్టుకుని, “ఏయమ్మా” అన్నాడు.

మందు ఎండకు చెడిందో లేదో చెప్పే గుర్తు సీసా మీదే ఉంటుంది. అది చూసుకుని అక్క రెండు చుక్కలు వేసింది. పాప మొహం చిట్లించింది. మార్కరు పట్టగానే ఎడమచేతి చిటికెనవేలు విప్పి పట్టుకుంది అవ్వే.

తిరిగొచ్చి, ఎవరూ లేని ఆ ఇంటి తలుపు మీద ఎక్స్ కొట్టేసి, పక్కన అక్క పి రాసింది. వేరే దేశాల్లో పోలియో ఇంకా ఉంది. మనుషులు తిరిగినట్టే అదీ తిరుగుతుంది, మిగిలిపోయిన బిడ్డను వెతుక్కుంటుంది. దానికన్నా ముందు చేరాలనే ఈ నడకంతా. మా తలుపు గుర్తొచ్చి నిజంగా సిగ్గేసింది.

చుక్కల రోజుల్లో ఐదేళ్లలోపు పిల్లలతో ఇటు వస్తుంటే బస్టాండులో వేసేచోట ఆగండి. ఇంతకుముందు వేయించి ఉన్నా మళ్లీ వేస్తే నష్టం లేదు. ఇంకొకటి, తలుపు మీద చాక్‌పీసు గుర్తు కనిపిస్తే ఉండనివ్వండి. దాని వెనక ఎంత నడక ఉందో నాలాగా తుడిచేశాక తెలుసుకోకండి.