వార్డులో పాటల కార్యక్రమం

రోగులకు ఊరటగా ఉంటుందని యానాం ఆసుపత్రుల్లో పాటల కార్యక్రమాలు ఏర్పాటు చేసే పని నాది. అందరూ లేచి కూర్చుని వింటుంటే పాట మహిమే అనుకునేదాన్ని. మొన్న ఆపరేషనై నేనే వార్డులో పడ్డాను. మర్నాడు నేను పెట్టిన గాయకులే హార్మోనియంతో దిగారు. నొప్పికి ఆ మోత భరించలేక దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. నేనెవరో తెలియని పక్క మంచం మామ్మ, దరియాలతిప్ప మనిషి, మెల్లిగా తట్టింది.

"లెగిసి కూర్చోమ్మా. పాపం అంత దూరం నించొచ్చి పాడతన్నారు, పడుకుంటే ఏవనుకుంటారు? మేవెప్పుడూ అంతే. ఆళ్ళెళ్ళాక పడుకుంటాం."

కుట్లు పట్టుకుని లేచాను. వార్డంతా కూర్చునే ఉంది. సిగ్గుతో ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాను. పాట అయ్యాక, చప్పట్లు కొట్టమని మామ్మ నాకు సైగ చేసింది.