టెనర్ల వరసలో మాడ్లోమో

జ్వెలిత్షా ఊరి చర్చి గాయక బృందంలో ఆడవాళ్ళకు కొదవ లేదు. బేస్ పాడే కింది గొంతు మగవాళ్ళూ పద్నాలుగు మంది ఉన్నారు. టెనర్లు, అంటే మగవాళ్ళలో పై గొంతువాళ్ళు, ముగ్గురే. ఆ ఈస్టర్‌కేమో హాండెల్ అనే పాతకాలపు స్వరకర్త బైబిలు మాటలకు కట్టిన మూడు గంటల పాటల వరస, ఒరటోరియో, మొత్తం పాడతామని ఊరంతా చెప్పేసుకున్నారు. నాలుగో టెనర్ కోసం బృందానికి పాట నేర్పే లిండీలే మాస్టారు వెతకని వీధి లేదు. చివరికి ఆయన చూపు ఆడవాళ్ళలో కింది గొంతు పాడే ఆల్టోల వరసలో ఉన్న మాడ్లోమో మీద ఆగింది.

మాడ్లోమోకు యాభై ఎనిమిదేళ్ళు. ఆసుపత్రి వంటశాలలో రోజూ నాలుగు వందల మందికి గంజి కాస్తుంది. గిన్నెల మోతను మించి అరిచి అరిచి ఆమె గొంతు ఏటికేడు కిందికి దిగింది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "అయ్యా" అనేవారు.

"అమ్మా, రేపటి నుంచి మీరు టెనర్."

"ప్యాంటు కూడా తొడుక్కోవాలా మాస్టారూ?"

"వద్దమ్మా, బో టై చాలు."

బేస్ వరసలో ఉన్న ఆమె భర్త వుయిసీలే గట్టిగా దగ్గాడు. పక్కవాడు ఊరుకోలేదు. "ఏం అన్నా, ఇకమీదట మీ ఇంట్లో గడ్డం ఎవరు గీసుకుంటారు?"

ఆ రోజు నుంచి వుయిసీలే ఇంట్లో నోరు విప్పలేదు. ఉప్పు కావాలన్నా వేలితోనే చూపించేవాడు.

టెనర్లకు పెద్దదిక్కు బంగానీ, చర్చి వ్యవహారాలు చూసే డీకన్. ఆయనకు ఇంకా మండింది. "ఆడమనిషి పక్కన నిలబడితే నా శ్రుతి చెడుతుంది."

"దానికి నేనెందుకు డీకన్ గారూ? ఇరవై ఏళ్ళుగా మీరొక్కరే చెడగొట్టుకుంటున్నారుగా!"

మాడ్లోమో గంజి కలుపుతూ తన వరస అంతా కంఠతా పట్టేసింది.

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం చర్చి కిక్కిరిసింది. రెండు భాగాలు గండం లేకుండా గడిచాయి. మూడో భాగం చివర 'ఆమెన్' వచ్చింది. అందులో ముందు బేస్‌లు ఎత్తుకోవాలి, వాళ్ళ వెనకే టెనర్లు అందుకోవాలి. బేస్‌లు ఎత్తుకున్నారు. డీకన్ చేతిలోని పాటల పుస్తకంలో రెండు పేజీలు అతుక్కుపోయాయి. ఆయన నోరు తెరిచి, కాగితం చూసి, మూసేశాడు. మిగతా ఇద్దరూ ఆయన్నే చూసి పాడేవాళ్ళు, వాళ్ళూ తెరిచి మూశారు.

మాడ్లోమో ఒక్కతే అందుకుంది. చర్చి రేకులు అదిరాయి.

వుయిసీలే పాడుతూనే తల తిప్పి భార్యను చూశాడు. అంతే, తన వరస మర్చిపోయాడు. మాడ్లోమో పాట ఆపకుండానే చెయ్యి నడుము దగ్గర పెట్టి సాధనలో నేర్చిన స్వరాల గుర్తును వేళ్ళతో అతనికి చూపించింది. వుయిసీలే బుద్ధిగా దాన్ని పట్టుకున్నాడు. రెండు పేజీల తర్వాత డీకన్ కూడా పాట ఎక్కడుందో కనుక్కుని వచ్చి కలిశాడు.

ఇంటికి వెళ్ళే వ్యానులో వుయిసీలే మూడు వారాల మౌనం విడిచాడు. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నేళ్ళూ ఆల్టోల్లో ఏం చేశావే?"

"నీ గొంతు నలుగురికీ వినపడనీ అని ఊరుకున్నా."

వ్యానంతా నవ్వింది. వుయిసీలే కిటికీ వైపు తిరిగి తనూ నవ్వాడు.

సోమవారం డీకన్ బంగానీ టోపీ చేత్తో పట్టుకుని వంటశాల గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ 'ఆమెన్' వరస ఒక్కసారి చెబుతావేమోనని, మాడ్లోమో..."

ఆమె ఆయన ముందు క్యారెట్ల బస్తా, ఒక కత్తి పెట్టింది. "చెక్కు తీస్తూ ఉండండి డీకన్ గారూ. నేను పాడతా, వెనకే మీరు అందుకోండి."

బస్తా సగమయ్యేసరికి డీకన్‌కు వరస వచ్చేసింది. మిగతా సగం కూడా ఆమె ఆయన చేతే చెక్కించింది.