బౌషర్‌లో వియన్నా తోట

ఆ రోజుల్లో నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం మా అమ్మ వల్లే కాలేదు, ఇక కంపెనీ వల్ల ఏమవుతుంది. జగిత్యాల నుంచి మస్కట్‌కు కొత్తగా వచ్చాను. రూమ్‌లో అన్నం తింటూ కూడా మధ్యలో లేచి తలుపు దాకా పోయి వచ్చేవాణ్ని (తలుపు దగ్గర ఏమీ ఉండేది కాదు). "నీ కింద ముండ్లున్నయారా?" అని రూమ్‌లో ఉండే మా బావ విసుక్కునేవాడు. అలాంటివాడికి దేవుడు ఏరి ఏరి ఇచ్చిన డ్యూటీ గురించి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏడుపు ఒక్కటే తక్కువ.

ముందు బిల్డింగ్ సైట్‌లో సిమెంటు బ్లాకులు మోశాను. తర్వాత అదే కంపెనీవాళ్లు నన్ను తోటల పనికి మార్చారు. మస్కట్‌లోనే బౌషర్ అనే పేటలో ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంటి యజమానిని అందరిలాగే మేమూ అర్బాబ్ అనేవాళ్లం. ఆయన వ్యాపారం మీద వియన్నా వెళ్లి, అక్కడ జపాన్ పద్ధతిలో కట్టిన ఒక పార్కు చూశాడట. చిన్న చెరువు, నాచు పట్టిన రాళ్లు, వంగిన చెట్లు. అక్కడి బెంచీ మీద కాసేపు కూర్చోగానే, ఏళ్లుగా లేని నెమ్మది మనసుకు వచ్చిందట. ఆ నెమ్మదిని ఇంటికే తెచ్చుకుందామని ఫోన్ నిండా ఫోటోలతో దిగాడు. "సేమ్ టు సేమ్ చాహియే" అని మా ఫోర్‌మన్‌కు చూపించాడు. ఫోర్‌మన్ కడప భాయ్. అర్బాబ్ ముందు తలూపి, ఆయన లోపలికి వెళ్లాక మా వైపు తిరిగాడు. "ఆడ మంచు కురుస్తాది, ఈడ నిప్పులు కురుస్తాయి. సేమ్ టు సేమ్ యాడ తెచ్చేదబ్బా?"

అయినా తెచ్చాం. నాచు వారానికే మాడి వెంట్రుకల్లా రాలిపోతే పచ్చరంగు ప్లాస్టిక్ గడ్డి అతికించాం. తెల్ల గులకరాళ్లు పరిచి, వాటి మీద అలల్లాగా గీతలు గీశాం. సాయంత్రం గాలికి అవి సగం చెరిగేవి, పొద్దున మళ్లీ గీసేవాణ్ని. చెరువులోకి రంగు చేపలు వచ్చాయి. ఎండకు నీళ్లు కాగిపోతుంటే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేవి. అందుకని మత్రా చేపల మార్కెట్ దగ్గర ఐస్ కొని తెచ్చి చెరువులో వేయడం నా పని. (చచ్చిన చేపల కోసం చేసిన ఐస్ బతికిన చేపలకు; మా రూమ్ కుళాయిలో మాత్రం వేడినీళ్లు.) అర్బాబ్ తల్లి, పెద్దావిడ, రోజూ గుమ్మంలో నిలబడి ఈ రాళ్లను చూసి ఏదో గొణుక్కునేది. "నీడ లేదు, పండు లేదు, కూచునే చోటు లేదు, ఇదేం వాకిలి అంటాంది" అని భాయ్ మాకు చెప్పేవాడు.

ఇంతలో ఆ పార్కు చూపించిన వియన్నా స్నేహితుడు మస్కట్ వస్తున్నాడని తెలిసింది. అర్బాబ్‌కు నిద్ర కరువైంది. ఫోటోలన్నీ మళ్లీ తిరగేస్తే ఒకదాంట్లో చెరువు పక్కన బెంచీ మీద ఒక మనిషి కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. మన తోటలో ఆ మనిషి లేడు. అర్బాబ్ మమ్మల్ని వరుసగా చూసి, నా దగ్గర ఆగి, "యే బైఠేగా" అన్నాడు, వీడు కూర్చుంటాడని. నా ముఖంలో ఆయనకు ఏ ప్రశాంతత కనిపించిందో నాకిప్పటికీ తెలియదు.

"కదిలితివా, మళ్లీ బ్లాకులు మోసేకి పోతావు" అని భాయ్ చెవిలో చెప్పాడు.

"కండ్లు మూసుకుంటే నిద్రొస్తది భాయ్. తెరిస్తే ఉరకబుద్ధయితది."

"నిద్ర రానీ. ఉరికితే మాత్రం నీ కత ముగిసినట్టే."

ఉతికిన తెల్లచొక్కా వేసి కూర్చోబెట్టారు. చీమ పాకింది, ఓర్చుకున్నాను. ముక్కు దురద పెట్టింది, ఓర్చుకున్నాను. అతిథి వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, చెమటతో తడిసి ఉన్నాడు. అర్బాబ్ చేతులు తిప్పుతూ చూపిస్తున్నాడు. ఓరకంట చెరువులోకి చూశాను. ఆ హడావుడిలో ఐస్ సంగతి అందరం మరిచాం. పెద్ద ఎర్రచేప ఒకటి పక్కకు వాలి, నన్నే చూస్తూ నోరు తెరుస్తోంది. బ్లాకులు గుర్తొచ్చాయి. చేప ఇంకొంచెం వాలింది. ఇక నావల్ల కాలేదు. లేచి, గీతలు గీసిన గులకరాళ్ల మీదుగానే పరుగెత్తి, ఐస్ పెట్టె ఎత్తుకుని మళ్లీ వాటి మీదుగానే వచ్చి చెరువులో కుమ్మరించాను. అలలన్నీ దున్నిన చేనైపోయాయి.

అతిథి బూట్లు విప్పి, రాళ్ల మీద నడిచొచ్చి, పెట్టెలో మిగిలిన ఐస్ గడ్డ తీసి మెల్లగా నీళ్లలో వదిలాడు. ఉత్తికాళ్లతో ఉన్న అతిథిని చూసి పెద్దావిడ కూర్చోవడానికే వచ్చాడనుకుంది కాబోలు, చాప తెప్పించి ఆ గులకరాళ్ల మీదే పరిపించింది. కహ్వా కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. వాలిన చేప నిలదొక్కుకుని ఈదసాగింది.

అతిథి వెళ్లాక అర్బాబ్ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. నా టికెట్ చిరిగిందనుకున్నాను. ఆయన చెరువు వైపు చూస్తూ, అక్కడ నా మనసు నెమ్మదించింది, అంతా అలాగే కట్టినా ఇక్కడెందుకు రావడం లేదు అని హిందీలో అడిగాడు. నోరు ఊరుకుంటుందా? నాకొచ్చిన వంకర హిందీలో చెప్పేశాను. "అర్బాబ్, ఉధర్ ఆప్ బైఠా. ఇధర్ మేరేకో బిఠాయా."

అక్కడ మీరు కూర్చున్నారు, ఇక్కడ నన్ను కూర్చోబెట్టారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడే దాకా అలాగే కూర్చున్నాడు. మర్నాటి నుంచి గీతలు గీయమని ఎవరూ అడగలేదు; నన్ను చేపల మనిషిగా ఉంచేశారు.

ఇప్పుడు నేనూ ఒక ఫోర్‌మన్‌ను. యజమానులు ఏదన్నా అడిగితే ముందు వీసా గుర్తొస్తుంది, తర్వాత పిల్లల చదువు గుర్తొస్తుంది, ఆ తర్వాత తలూపుతాను. ఆనాటి కుర్రాడు ఎదురుపడితే ఒక చాయ్ తాగించి, అంత ధైర్యం ఎక్కడిదిరా నీకు అని అడగాలని ఉంది. చాయ్ పూర్తయ్యేదాకా వాడు ఆగుతాడన్న నమ్మకం మాత్రం లేదు.