ఆకుకాళ్ల పురుగు, మైలపల్లి ఈశ్వరి

ఈశ్వరికి నోరెక్కువని పోర్టులో అందరూ అంటారు. ఉంటే తప్పేమిటి? ఆ మోతలో నోరు లేనివాడి మాట ఎవడు వింటాడు! జాలరిపేటలో చేపలు ఎండబెట్టే నూకాలు కూతురామె. పన్నెండేళ్లుగా ఓ ప్రైవేటు కలప షెడ్డులో, పరాయి పురుగులు ఇక్కడి చెట్లకు పట్టకుండా, విదేశీ దుంగల బెరడు గీకి ఏరుతోంది. ఇల్లు గడిచేది ఆ పనితోనే.

మొన్న వేసవిలో బ్రెజిల్ దుంగల మీద గోరంత పురుగొకటి చచ్చి దొరికింది. వీపు మీద కొమ్ములా లేచి ఉండాల్సిన డిప్ప విరిగిపోయి, మొండెం మాత్రం మిగిలింది. సూపర్‌వైజర్ త్రినాథరావు కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డాయన. భూతద్దంలో ఓ చూపు చూసి తేల్చేశాడు.

“మన చింతచెట్ల మీది కొమ్ముల పురుగేనండి. ఎగిరొచ్చి వాలుంటుంది. కంటైనర్ వదిలేద్దాం.”

“ఏటండీ, కొమ్మే ఇరిగిపోతే కొమ్ము సూసి ఎలా సెప్తారు? కాళ్లు సూడండి!”

జాలరి ఇళ్లలో తల తీసేసిన ఎండుచేపనైనా ఫలానాదని చెప్పగలగాలి. ఎండితే రంగు పోతుంది, అందుకని రంగును నమ్మరు. నూకాలు కూతురి కళ్లు మూయించి, ముళ్లూ పొలుసూ తడిమించి పేరు చెప్పించేది. తప్పితే నెత్తిన మొట్టికాయ పడేది.

“ముందు నాలుగు కాళ్లూ పిక్క దగ్గర ఆకులా పలచగున్నాయి. మన పురుగుకైతే పుల్లల్లాగుంటాయి. నాను రోజూ సూత్తన్నాను కదండీ!”

“ఊరికే కంటైనర్ ఆపించారని తేలితే మీ ఉద్యోగం ఊడుతుందండి.”

“ఊడనీండి. ఆ బెరట్లో గుడ్లుండి, మీరు ఒగ్గేత్తే ఎవులండీ జవాబు?”

త్రినాథరావు విసుక్కుంటూనే పురుగు ఫొటోలు తీసి, కాళ్లు చూడమని రాసి పరీక్షకు పంపాడు. అనడం అనేసింది గానీ, ఆ రాత్రి ఈశ్వరికి అన్నం సయించలేదు.

ఫొటోలు చూసిన కీటక శాస్త్రవేత్త అనూరాధ మర్నాడు వీడియో కాల్ చేసింది. షెడ్డంతా ఫోను చుట్టూ మూగింది.

“డిప్పను నమ్మితే మోసపోతామండీ. ఈ కొమ్ముల పురుగుల్లో ఒక్క ఉపకుటుంబంలోనే అది ముల్లులా, ఆకులా, ముద్దలా నానా రకాలుగా ఉంటుంది. ముందు రెండు జతల కాళ్లూ ఇలా చదునుగా ఉంటే మెంబ్రాసినే ఉపకుటుంబం. ఉండేది అమెరికా ఖండాల్లోనే, ఎక్కువగా వేడి అడవుల్లో. మన దేశపువి దాదాపు అన్నీ సెంట్రోటినే అనే వేరే ఉపకుటుంబం. కంటైనర్ కదలనివ్వకండి. ఇంతకీ కాళ్లు చూడమన్నదెవరు?”

త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. “మా ఈశ్వరి గారండి.”

“అయితే పురుగును దాచే సీసా చీటీ మీద గుర్తించినవారుగా ఆవిడ పేరే రాయండి. అది మా పద్ధతి.”

ఆయనే తన చేత్తో రాశాడు: మైలపల్లి ఈశ్వరి. ఆమె సీసా అందుకుని వెలుతురులోకి ఎత్తింది. కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు.

“ఓలమ్మో, అలా సూత్తారేటి? పైకి సదవండి అందరూ!”

షెడ్డు షెడ్డంతా గొంతెత్తి చదివింది. చాలదని మళ్లీ చదివించింది.