అమల ఎడమచెయ్యి

చిత్తూరు పక్కన మురకంబట్టులో, మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అమల అల్లిన నూలు పీచు ఒకటి ఉండేది. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల. దాంతో గిన్నెలు తోమితే గీతలు పడవు, ఉతుక్కుంటే మళ్లీ పనికొస్తుంది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చిన క్రోషె పని అది, కొక్కెం సూదితో అల్లేది. టీ గ్లాసుల కింద వేసుకునే బిళ్లలు కూడా అల్లేది. పిల్లలు లేరు. భర్త దయానంద్ బస్సు షెడ్డులో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఆ సూదిని ఏనాడూ ముట్టుకున్నవాడు కాదు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం, చర్చికి బయల్దేరబోతూ అమల కూలబడిపోయింది. పక్షవాతం. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. మాట ముద్దయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మూడు వారాలు గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే తినేది, అంతే.

ఒకరోజు దయానంద్ అల్లిక బుట్ట తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తోసేసింది.

"నీ ఎడమచెయ్యి బాగనే ఉండాది గదా. అది దారం పట్టుకోనీ. సూది నేను పడతా," అన్నాడు.

"నీకు రాదు," అంది. ఆ రెండు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది.

"రాదులే. చెప్పు."

ఆమెను తన ఛాతీకి ఆనించుకుని కూర్చోబెట్టి, పడిపోయిన చెయ్యి వైపు నుంచి తన కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఆమె ఎడమచేతి వేళ్ల మధ్య దారం, అతని చేతిలో సూది. "లోపలికి... పట్టు... లాగు," అనేది. నట్లు బిగించిన చెయ్యి కదా, దారం బిర్రుగా లాగేసేవాడు. ఆమె విప్పించేది. మొదటి బిళ్లకు తొమ్మిది రోజులు పట్టింది. అదీ గుండ్రంగా రాలేదు. దాన్ని చూసి అమల నవ్వింది. మూతి ఒక పక్కకే పోయినా అది నవ్వేనని దయానంద్ వీధంతా చెప్పుకున్నాడు.

చలికాలానికి ఆమె నోటితో చెప్పే పని లేకపోయింది. ఆమె వేలు కదిలితే అతని సూది కదిలేది. తిరుపతిలో టీచరుగా ఉన్న మేనకోడలు రూతు తన కొత్తింటికి ఆరు టీ బిళ్లలు అడిగింది. నాలుగయ్యాయి. ఐదోది సగంలో ఉండగా అమలకు మళ్లీ పక్షవాతం వచ్చింది. ఆస్పత్రికి చేరకముందే దారిలో పోయింది.

అమల కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు దయానంద్ ఆ సగం బిళ్ల చేతికి తీసుకున్నాడు. కుడిచేతికి పని తెలుసు, ఎడమచేతికి తెలియదు. దారం జారిపోయేది, లేదంటే చిక్కుపడేది. మధ్యాహ్నం దాకా కూర్చున్నా ఒక్క వరస రాలేదు.

ఎదురింటి తిరుమలమ్మ చూసి లోపలికి వచ్చింది. ఆమెకు ఈ పని నేర్పింది అమలే. "అన్నా, దారం నేను పట్టుకుంటా. నువ్వు అల్లు," అంది.

అతను సగం బిళ్ల జేబులో పెట్టుకుని, బుట్ట ఆమె చేతికిచ్చాడు.

"వద్దుమ్మా. నువ్వే అల్లుకో. నాకు వచ్చింది సగం పనే."

తర్వాతి వారం నాలుగు బిళ్లలూ తీసుకుని తిరుపతి బస్సెక్కాడు. రూతు వాటిని గాజు బీరువాలో పెట్టబోయింది.

"ఆడ పెట్టొద్దు పాపా," అన్నాడు. "మీ అత్త వాడుకునేకి చేసింది."

రూతు టీ పెట్టుకొచ్చి, ఒక బిళ్ల మీద గ్లాసు ఉంచింది.

"ఇందులో అత్త అల్లింది ఏది మామా, నువ్వు అల్లింది ఏది?"

"అది చెప్పేకి కాదు పాపా," అన్నాడు దయానంద్. టీ సంగతి గుర్తొచ్చి అతను గ్లాసు ఎత్తుకునేసరికి అది చల్లారిపోయింది.