శుభం పడ్డాక వచ్చినవాడు

ఐనవిల్లి వినాయకుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం. నా ఒట్ల సంగతి తెలిసినవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు, నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. మొన్న మా మేనకోడలు ఫోనులో ఏదో సస్పెన్స్ సినిమా చూస్తూ, "మావయ్యా, చచ్చిపోయినవాడు నిజంగానే వచ్చేడా, ఇదంతా ఆవిడ భ్రమా?" అని అడిగింది. "ఆపరేటర్ని అడగాలమ్మా" అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకు చెబుతాను.

తొంభైల్లో ఓడలరేవు దగ్గర మా మేనమామ టూరింగ్ టాకీసులో ఆపరేటరు. తాటాకు పందిరి, ఇసకలో నేల టిక్కెట్టు, ఒక్కటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ సందులో జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ హంతకుడెవరో పందేలు కాసేవారు. మావయ్య చెల్లెలు, అంటే మా పిన్ని, అటు వచ్చేది కాదు. అంతకు ముందు ఏడు బాబాయి సముద్రం మీదికి వేటకి వెళ్ళాడు. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ఆయన రాలేదు. కర్మ చేసేద్దామని బాబాయి అన్నదమ్ములు, "మనిషి దొరక్కుండా ఎలా చేస్తారండీ?" అని పిన్ని. కాసేపు ఆ గొడవ మరిచిపోతుందని నేనే బలవంతాన సినిమాకి తీసుకెళ్ళాను, కథేమిటో కనుక్కోకుండా.

తీరా చూస్తే అది నీళ్ళలో పోయిన మొగుడి కథ. పెళ్ళానికి కిటికీలో, బజారులో, అద్దంలో అతనే కనిపిస్తుంటాడు. చివరికి పోలీసులు శవాన్ని చూపించి అంతా భ్రమేనని తేల్చేశారు. 'శుభం' పడింది. జనం లుంగీలు దులుపుకుని లేచారు. అంతలో మళ్ళీ దీపాలారాయి. ఆ మొగుడే తడిబట్టలతో తలుపు తోసుకొచ్చి, పీట మీద కూర్చుని, "ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అన్నాడు! ఈలలకి పందిరి లేచిపోయింది. జరిగిందేమిటంటే, వానాకాలం చెమ్మకి రీలు డబ్బాల మీది చీటీలు ఊడిపోయాయి; నడిమధ్యలో రావలసిన పాతరోజుల ముచ్చట రీలు మిగిలిపోయి ఆఖర్న పడింది. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "శుభం అన్నాక కూడా వచ్చేడు, చూసేవా!" అంది.

ఇక ఆమె కర్మ మాట ఎత్తనివ్వలేదు. రాత్రిళ్ళు తలుపుకి గడియ పెట్టడం మానేసింది. మావయ్య నిజం చెప్పేద్దామని వెళ్ళడం, ఆమె నవ్వుతూ వడ్డించిన చేపల పులుసు తిని తిరిగి రావడం. ఇదీ వరస.

కొన్నేళ్ళకి ఊళ్ళోకి కేబుల్ వచ్చింది. ఓ మధ్యాహ్నం పిన్నింటి టీవీలో అదే సినిమా. అన్నం పెట్టమనే ముచ్చట నడుమనే వచ్చి వెళ్ళిపోయింది. శుభం పడింది. పిన్ని కదల్లేదు. సబ్బు ప్రకటన వచ్చింది. లేచి నేరుగా అన్నగారింటికి నడిచింది. పక్కనే కూచుని చూస్తున్న నేనూ వెనకే వెళ్ళాను.

"నీకు తెలుసా అన్నయ్యా?"

"ఆయ్... తెలుసమ్మా. చీటీలు ఊడిపోయినియ్యి."

"చీటీల మాట కాదు. పరాయోళ్ళు అబద్ధం చెప్తే సరే. నా తోడబుట్టినోడివి, ఇన్నేళ్ళూ నా చేత తలుపు తీయించి ఉంచేవే!"

"నవ్వుతా ఉన్నావు కదా అని..."

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసి, పకపకా నవ్వేసి, "పోనీలే, ఆ సినిమా తీసినోడికన్నా నువ్వే బాగా ముగించేవు" అంది.

ఇప్పుడా ఒట్టు సంగతి. ఆ ఆఖరి నవ్వు, ఆ మాట, రెండూ నేను కల్పించినవి. మిగతాదంతా నిజం. పిన్ని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వెంటపడి వెళ్ళిన మేమిద్దరం ఆవిడ ఇంటి ముందు నిలబడేసరికి, లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఈ కథ చెప్పినప్పుడల్లా అక్కడ ఓ నవ్వు అతికిస్తూనే ఉన్నాను. కాలం డబ్బాల మీద చీటీలు మాత్రం ఏ వానకీ ఊడవు; ఎన్నిసార్లు చెప్పినా ఆఖర్న పడేది ఆ గడియే.